ఒత్తిడిని కొలిచిన యంత్రములు – ఓదార్చిన గొంతులు

కృష్ణానది పశ్చిమ డెల్టాలో తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణములు ఒక త్రిభుజమువలె అమరియున్నవి. తెనాలి రైలు జంక్షను. అచ్చటినుండి ఒక దారి రేపల్లెవరకు పోయి ఆగును. మరియొకటి బాపట్ల మీదుగా చెన్నైకి సాగును. బాపట్లకు, రేపల్లెకు సముద్రము చేరువ. వరిచేలు, రొయ్యల చెరువులు, చేపలవేట, చిన్న వ్యాపారములు, చదువులు ఇచ్చటివారి జీవనాధారములు. రొయ్య ధర పడిపోయినను, తుఫాను హెచ్చరిక వచ్చినను, పరీక్షా ఫలితములు వెలువడు దినము దగ్గరపడినను గుండె దడదడలాడును, నిద్ర పట్టదు. ఇది నేటి సంగతి కాదు, మనుష్యజాతి అంత పాతది.

క్రొత్త సంగతి ఏమనగా, ఆ దడకు విరుగుడు చెప్పెదమని నేడు జేబులోని సెల్‌ఫోను, మణికట్టుమీది గడియారము ముందుకు వచ్చుచున్నవి. గడియారము నాడిని లెక్కించి "మీ ఒత్తిడి ఎక్కువగా ఉన్నది" అని అంకె చూపును. ఫోనులోని యాప్ ఊపిరి పీల్చుట, విడుచుట నేర్పును. మరియొకటి స్నేహితునివలె ప్రశ్నలడిగి జవాబు చెప్పును. ఈ సాధనములు ఎట్లు పుట్టినవి? వానిలో ఏది ఎంతవరకు పనికివచ్చును? ఈ ప్రశ్నలకు సమాధానము వాని చరిత్రలోనే ఉన్నది. ఆ చరిత్ర రెండు పాయలుగా సాగినది. ఒక పాయలో ఒత్తిడిని కొలుచు సాధనములు, రెండవదానిలో ఓదార్చు సాధనములు పెరిగినవి. చాలకాలము ఇవి వేరువేరుగా నడచి, ఇటీవలనే ఒక్క పరికరములో కలిసినవి.

ఒత్తిడి అనగా నేమి?

అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున వాల్టర్ కానన్ అను శరీరధర్మ శాస్త్రజ్ఞుడు భయము, కోపము, ఆకలి, నొప్పి కలిగినపుడు దేహములో జరుగు మార్పులను పరిశీలించి 1915లో ఒక గ్రంథమును ప్రకటించెను. ప్రమాదము ఎదురైనపుడు మూత్రపిండములపైనున్న ఎడ్రినల్ గ్రంథులు ఎడ్రినలిన్ అను ద్రవ్యమును రక్తములోనికి వదలును. గుండె వేగముగా కొట్టుకొనును. రక్తములో చక్కెర పెరుగును. జీర్ణక్రియ మందగించును. పోరాడుటకో పారిపోవుటకో దేహము సిద్ధమగును. కాబట్టి దడ ఒక రోగము కాదు. ప్రాణరక్షణకు ప్రకృతి ఇచ్చిన ఏర్పాటు.

కెనడాలోని మాంట్రియల్ నగరమున పనిచేయుచున్న హన్స్ సెల్యే 1936లో రెండవ మెట్టు ఎక్కెను. ఎలుకలను చలి, గాయము, మితిమీరిన శ్రమ వంటి వేరువేరు బాధలకు గురిచేసినను, వాని దేహములు ఒకే తీరుగా స్పందించుటను ఆయన గమనించెను. బాధ చాలకాలము కొనసాగినచో ఆ స్పందనయే హాని చేయును. ఎడ్రినల్ గ్రంథులు ఉబ్బును, జీర్ణకోశమున పుండ్లు పడును. లోహపు కడ్డీపై బరువు వేసినపుడు ఇంజనీర్లు వాడు మాటనే ఆయన ఈ స్థితికి వాడెను. తెలుగులో దానినే ఒత్తిడి అనుచున్నాము.

ఉప్పెన వచ్చినపుడు పరుగెత్తించు దడ మేలు చేయును. ఉప్పెన తీసిన తరువాతకూడ నెలల తరబడి నిలిచిన దడ కీడు చేయును. ఈ తేడాను విద్యార్థులు గుర్తుంచుకొనవలెను.

నాడి పట్టిన చేయి, గీత గీచిన కలము

మనస్సులోని కలతను నాడిద్వారా కనుగొనుట ప్రాచీన విద్య. క్రీ.శ. 2వ శతాబ్దమున రోము నగరములో గేలెన్ అను వైద్యుడు, జబ్బు కానరాకయే నిద్ర లేక బాధపడుచున్న ఒక స్త్రీ నాడిని పట్టి చూచెను. ఒక నర్తకుని పేరు వినబడినపుడు మాత్రమే ఆమె నాడి తడబడెను. వేరొకరి పేరు చెప్పించి చూచినను అట్టి మార్పు లేదు. ఆమె బాధకు కారణము ఆ నర్తకునిపై కలిగిన ప్రేమయని ఆయన తేల్చెను. ఇచ్చట సాధనము వైద్యుని వ్రేళ్లే.

17వ శతాబ్దపు ఆరంభమున ఇటలీలో సాంటోరియో లోలకము సహాయముతో నాడివేగమును కొలిచెను. 1847లో జర్మనీలో కార్ల్ లుడ్విగ్ ఊపిరితోబాటు నాడివేగము మారుటను గీతరూపమున నమోదుచేసెను. 1860లో ఫ్రాన్సులో మారే మణికట్టుకు కట్టి నాడిని గీతగా గీయు చిన్న యంత్రమును తయారుచేసెను. 20వ శతాబ్దపు ఆరంభమున హాలండులో ఐంథోవెన్ గుండెలోని విద్యుత్తును నమోదుచేయు పరికరమును సాధించెను. 1930లలో అమెరికాలో హెర్ట్జ్‌మన్ చర్మముపై వెలుగు ప్రసరింపజేసి, రక్తము నిండినపుడు, తగ్గినపుడు వెలుగులో కలుగు మార్పునుబట్టి నాడిని పట్టు పద్ధతిని రూపొందించెను. నేడు చేతిగడియారము అడుగున మెరయు ఆకుపచ్చ దీపము ఈ పద్ధతికి వారసురాలే.

లుడ్విగ్ గమనించిన విషయమును తరగతి గదిలోనే చూడవచ్చును. విద్యార్థి ప్రశాంతముగా కూర్చుండి, మణికట్టు వద్ద నాడిని పట్టి, ఐదు సెకండ్లు ఊపిరి పీల్చి, ఐదు సెకండ్లు విడువవలెను. పీల్చునపుడు నాడి కొంచెము వేగపడును, విడుచునపుడు నెమ్మదించును. గుండెను నెమ్మదింపజేయు వేగస్ నాడి ఊపిరి విడుచునపుడు ఎక్కువగా పనిచేయుటయే దీనికి ముఖ్య కారణము. నిమిషమునకు సుమారు ఆరు శ్వాసలు తీసినపుడు ఈ హెచ్చుతగ్గులు మిక్కిలి స్పష్టమగును. ఇటలీలోని బెర్నార్డి బృందము 2001లో ప్రకటించిన పరిశోధనలో క్రైస్తవుల జపమాల ప్రార్థన, బౌద్ధుల మంత్రజపము రెండును శ్వాసను దాదాపు ఇదే వేగమునకు తెచ్చుట కనబడినది. నేటి యాప్‌లు నేర్పు ఊపిరి అభ్యాసములకు ఆధారమిదియే. ఇందుకు పైసా ఖర్చులేదు, యంత్రముకూడ అవసరము లేదు.

భారతదేశములో జరిగిన పరీక్షలు

ఈ చరిత్రలో మన దేశమునకు ప్రత్యేక స్థానమున్నది. 1935లో తెరేస్ బ్రాస్ అను ఫ్రెంచి వైద్యురాలు గుండె విద్యుత్తును గీయు యంత్రమును వెంటబెట్టుకొని భారతదేశమునకు వచ్చి యోగులను పరీక్షించెను. ఒకరి గుండె గీత దాదాపు చదునైనట్లు ఆమె నివేదించెను. యోగి తలచినచో గుండెను ఆపగలడన్న మాటకు ఇది బలము చేకూర్చినది.

1957లో అమెరికా శాస్త్రజ్ఞులు వెంగర్, బాగ్చీలు వచ్చి, ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన ఆనంద్‌తో కలిసి ఈ విషయమును మరల పరిశీలించిరి. 1961లో వారు ప్రకటించిన ఫలితము తేటగా ఉన్నది. గుండెను ఆపెదమన్నవారు ఊపిరి బిగబట్టి రొమ్ము కండరములను గట్టిగా బిగించుచుండిరి. దానివలన గుండెకు తిరిగివచ్చు రక్తము తగ్గి, మణికట్టు వద్ద నాడి అందకుండెను. కండరముల చప్పుడులో గుండె చప్పుడు కలిసిపోయెను. కాని యంత్రపు గీతలో మాత్రము గుండె కొట్టుకొనుచునే ఉండెను.

చేతికి అందనిది యంత్రమునకు అందినది. అయినను ఆ గీత గుండె సంగతి చెప్పెనేగాని, ఆ మనిషి మనస్సు ప్రశాంతముగా ఉన్నదో లేదో చెప్పలేదు. ఈ పరిమితి నేటికిని తీరలేదు.

ప్రయోగశాలనుండి మణికట్టుకు

గీతను శాస్త్రజ్ఞుడుగాక పరీక్షింపబడు మనిషియే చూచినచో ఏమగును? ఈ ప్రశ్ననుండి క్రొత్త మార్గము పుట్టినది. 1950ల చివర షికాగోలో జో కమియా, తమ మెదడులో విశ్రాంతిని సూచించు తరంగములు ఎప్పుడు పుట్టుచున్నవో గుర్తించుటను కొందరికి నేర్పెను. అమెరికాలోని మెనింజర్ సంస్థలో ఎల్మర్ గ్రీన్ బృందము చేతుల వెచ్చదనమును కొలిచి చూపుచు, విశ్రాంతి పొందుట నేర్పినది. అద్దములో ముఖము చూచుకొని బొట్టు సరిదిద్దుకొన్నట్లు, యంత్రములో దేహమును చూచుకొని సరిదిద్దుకొనుట ఈ పద్ధతి సారము. 1969లో దీనికొక శాస్త్రీయ సంఘముకూడ ఏర్పడినది.

కాని ఆ యంత్రములు ఖరీదైనవి, బరువైనవి. నేర్పువాడు పక్కన ఉండవలెను. 1982లో ఫిన్లాండులోని పోలార్ సంస్థ, రొమ్ముకు పట్టీ కట్టి, తీగ లేకుండ చేతిగడియారములో నాడివేగమును చూపు పరికరమును విడుదల చేసెను. అది క్రీడాకారుల శిక్షణ కొరకు పుట్టినది. 2015లో ఆపిల్ గడియారము వచ్చెను. మరుసటి ఏడు, 2016లో, ఊపిరి నెమ్మదిగా తీయుమని గుర్తుచేయు ఏర్పాటు దానిలో చేరెను. కొలుచు యంత్రము ఇట్లు మణికట్టుకు చేరినది. ఈ ప్రయాణములో పక్కన కూర్చుండి నేర్పు మనిషి మాత్రము జారిపోయెను.

గొంతు వినిపించిన తీగ

రెండవ పాయ టెలిఫోనుతో మొదలయినది. 1953లో లండనులో చాడ్ వారా అను చర్చి గురువు, ప్రాణము తీసికొనదలచినవారు మాటలాడుటకై ఒక టెలిఫోను సేవను ప్రారంభించెను. ఎదుటివాని మాటను తొందరపడక, తీర్పు చెప్పక వినుటయే ముఖ్యమని ఆ సేవలో పనిచేసినవారు అనుభవమున గ్రహించిరి. మన దేశములో 1986లో మద్రాసులో లక్ష్మీ విజయకుమార్ స్థాపించిన స్నేహ సంస్థ ఇదే బాటలో నడచినది.

మనిషికి బదులు యంత్రము వినగలదా? 1966లో అమెరికాలోని మాసచూసెట్స్ సాంకేతిక సంస్థలో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలీజా అను కంప్యూటరు ప్రోగ్రామును ప్రకటించెను. మనము టైపుచేసిన వాక్యమునే అటుతిప్పి ప్రశ్నగా అడుగుట దాని పని; దానికి అర్థజ్ఞానము లేదు. అయినను, అది తయారగుట చూచిన ఆయన కార్యదర్శియే దానితో మాటలాడుచు, ఆయనను గదినుండి బయటకు వెళ్లుమని కోరెను. ఈ సంఘటన వైజెన్‌బామ్‌ను కలవరపరచెను. వినువారు దొరకనపుడు మనిషి గోడతోనైన మాటలాడునని దీనివలన తెలియుచున్నది. బెంగుళూరులో రూపొందిన వైసా వంటి నేటి సంభాషణ యాప్‌లు ఎలీజాకంటె ఎంతో నేర్పుగలవి; కాని అవి నడచుచున్నది ఆ త్రోవలోనే.

తెలుగునాట 2007లో 104 అను సంఖ్యపై ఆరోగ్య సలహా సేవ మొదలయినది. 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినమున, కేంద్ర ప్రభుత్వము టెలీ మానస్ సేవను ప్రారంభించెను. 14416 సంఖ్యకు రుసుము లేకుండ, రాత్రింబవళ్లు ఫోను చేయవచ్చును, తెలుగులో మాటలాడవచ్చును. 2024 అక్టోబరు 10న దీనికి యాప్‌కూడ విడుదలయినది. ఇందులో గమనింపదగినది ఒకటి కలదు. రేపల్లెలో ఖరీదైన ఫోనుగల విద్యార్థికిని, బటన్ల ఫోను మాత్రమే ఉన్న వాని అమ్మమ్మకును ఈ సంఖ్య సమానముగా పనిచేయును.

ఒకే పరికరములో రెండు పాయలు

2008 తరువాత ఫోనులకు యాప్‌ల అంగళ్లు వచ్చుటతో కొలుచుట, ఓదార్చుట ఒక్క చోట చేరినవి. 2010లో హెడ్‌స్పేస్, 2012లో కామ్ అను సంస్థలు ఏర్పడి ధ్యానమును యాప్‌రూపమున అమ్మసాగినవి. 2016లో మన దేశమున ఇంటర్నెట్ ధర హఠాత్తుగా తగ్గుటతో ఇట్టివి పల్లెపల్లెకు అందుబాటులోనికి వచ్చినవి.

అందుబాటు వేరు, వాడుక వేరు. మానసిక ఆరోగ్యమునకు సంబంధించిన 93 యాప్‌ల వాడుకను పరిశీలించి 2019లో ప్రకటించిన ఒక అధ్యయనములో, నెల తరువాతకూడ యాప్‌ను తెరచువారి మధ్యగత సంఖ్య నూటికి 3.3 మాత్రమే అని తేలినది. అనగా నూరుమంది డౌన్‌లోడ్ చేసికొన్నచో, ముప్పదవ దినమున మిగులువారు సుమారు ముగ్గురు. బాధ ఎక్కువగా ఉన్ననాడు లేచి అభ్యాసము చేయు ఓపికయే మనిషికి ఉండదు. ఎందుకు చేయలేదని అడుగువారును ఉండరు.

గడియారపు అంకె సంగతి కూడ ఇట్టిదే. 2025లో హాలండులోని లైడెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దాదాపు 800 మంది యువతీయువకులకు గడియారములు తొడిగి, అవి చూపిన ఒత్తిడి అంకెలను వారు స్వయముగా చెప్పిన ఒత్తిడితో పోల్చి చూచిరి. రెండింటికి దాదాపు పొంతన కనబడలేదు. కారణము తెలిసినదే. కబడ్డీ గెలిచిన ఆనందముననూ నాడి వేగపడును, మార్కులు తగ్గిన దిగులుననూ వేగపడును. నాడి దేహపు ఉద్రేకమును చెప్పును. అది సంతోషమో సంతాపమో చెప్పదు. గేలెన్ వైద్యుడు నాడితోబాటు పేర్లుకూడ పలికించి చూచెను. గడియారము నాడిని మాత్రమే చూచుచున్నది.

పశ్చిమ గోదావరిలో ఒక ప్రయత్నము

యంత్రమును విడనాడక, మనిషిని దాని పక్కకు మరల తెచ్చిన ప్రయత్నము తెలుగుదేశములోనే జరిగినది. భారతదేశమున లక్ష జనాభాకు ఒక మనోవైద్యుడుకూడ లేడు. కాబట్టి ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునికే ఈ విద్య నేర్పవలెనని బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 1980లలోనే, తెలుగువారు విస్తారముగా ఉన్న బళ్లారి జిల్లాలో చేసి చూపినది. పశ్చిమ గోదావరి జిల్లాలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అను పరిశోధన సంస్థ ఆ ఆలోచనకు సాంకేతిక సాధనములను జోడించెను. దీని పేరు స్మార్ట్ మెంటల్ హెల్త్.

ఇందులో మూడు చేతులలో మూడు పరికరములు ఉన్నవి. గ్రామములోని ఆశా కార్యకర్త చేతిలో పలకవంటి టాబ్లెట్. ఆమె ఇంటింటికి పోయి, దిగులు, ఆందోళన, ఒత్తిడి గురించి అందులోని ప్రశ్నలను అడిగి జవాబులు నమోదుచేయును. ఆ సమాచారము ఆరోగ్య కేంద్రములోని వైద్యుని టాబ్లెట్‌కు చేరును. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనలననుసరించి ఏమి చేయవలెనో అది ఆయనకు మెట్టుమెట్టుగా చూపును. బాధితుని చేతిలో మాత్రము మామూలు ఫోనే. వైద్యుని వద్దకు వెళ్లుమనియు, మందు మానవద్దనియు రికార్డుచేసిన గొంతు దానిలో వినిపించును; చదువు రానివారికిని ఇది అర్థమగును. మనోవ్యాధి అన్న మాటకే సిగ్గుపడు స్థితిని పోగొట్టుటకు గ్రామములలో నాటకములుకూడ వేయించిరి.

గిరిజనులు నివసించు 30 గ్రామములలో జరిగిన తొలి ప్రయత్నపు ఫలితములు 2017లో వెలువడినవి. 5,007 మందిని ప్రశ్నింపగా 238 మందికి సహాయము అవసరమని తేలెను. అంతకుముందు వారిలో వైద్యసహాయము పొందినవారు ఇద్దరే. ఈ ప్రయత్నకాలములో 30 మంది పొందిరి. ఇద్దరు ముప్పదిమంది అగుట మంచి పెరుగుదలయే. కాని 208 మంది ఇంకను గడప దాటలేదన్నదియు నిజమే. దారిదూరము, కూలి పోవుట, నలుగురు ఏమనుకొందురో అన్న జంకు – వీనిని టాబ్లెట్ ఒక్కటే తొలగింపలేదు. తరువాత ఆంధ్రప్రదేశ్, హర్యానా రాష్ట్రములలో 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల పరిధిలో పెద్ద పరీక్ష జరిగినది. ఈ పద్ధతి అమలయిన గ్రామములలోని బాధితులకు దిగులు లక్షణములు మిగిలినచోట్లకంటె ఎక్కువ తగ్గినవని 2024లో ప్రకటించిరి.

ఈ మూడు పరికరములలో ఏదియు అద్భుతమైనది కాదు. వాని బలమంతయు తలుపు తట్టిన ఆశా కార్యకర్తలో ఉన్నది. ప్రశ్న అడిగిన మనిషి వారము తరువాత మరల కనబడును. యాప్‌ను మూసివేయవచ్చును, ఎదురింటి మనిషిని మూసివేయలేము.

డెల్టాకు దీనివలన ఏమి ఫలము?

1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను ముంచి వేలాది ప్రాణములు తీసెను. రేపల్లె, బాపట్ల ప్రాంతములుకూడ ఆ తుఫానులో దెబ్బతిన్నవి. ఆనాడు తీరపు పల్లెలలో టెలిఫోను అరుదు. 2022లో బాపట్ల జిల్లా కేంద్రమైనది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను ఆ పట్టణమునకు సమీపముననే తీరము దాటెను. ఈసారి హెచ్చరికలు ఫోనులలోనే వచ్చినవి. ప్రాణములు కాపాడు వార్తయు, భయపెట్టు పుకారును, ఊపిరి నేర్పు యాప్‌యు ఒకే అద్దములోనుండి వచ్చుట ఈ కాలపు విశేషము. కలత పెట్టునది, కలత తీర్చునది ఒకటే అయినపుడు వాడువానికి వివేకము ఎక్కువ కావలెను.

ఆ వివేకమును నేర్పుటకు ఉన్నత పాఠశాల తగిన చోటు. ఒకే ఫోనును ఇంటిల్లిపాది వాడు కుటుంబములలో పిల్లవాడు తన దిగులును దానిలో వ్రాసికొనుటకు వెనుదీయును. వ్రాసినది ఎవరు చదువుదురో అని వానికి బెదురు. అట్టివానికి యాప్‌కంటె ఉపాధ్యాయునితో ఒక మాట సులభము కావచ్చును. గడియారపు అంకె చూచి భయపడు పిల్లకు, ఆ అంకె నాడిని గురించినదేగాని ఆమెను గురించినది కాదని వివరింపవచ్చును. ఊపిరి అభ్యాసమును తరగతిలోనే చేయింపవచ్చును. వారములు గడచినను నిద్ర పట్టనివాని, ఆకలి చచ్చినవాని, బ్రతుకుమీద విరక్తి మాటలు పలుకువాని విషయమున మాత్రము ఆలస్యము చేయక పెద్దలకు, వైద్యునికి తెలుపవలెను. 14416 సంఖ్యను గోడమీద అందరికి కనబడునట్లు వ్రాయవలెను.

రోమునగరపు నాడిపరీక్షనుండి పశ్చిమ గోదావరి టాబ్లెట్ వరకు సాగిన ఈ చరిత్ర యంత్రములను నిందించుట లేదు. కొలత లేనిదే శాస్త్రము లేదు. కాని కొలత ఓదార్పు కాజాలదు. యంత్రము బాధను కనిపెట్టి మరియొక మనిషికి అందించినపుడే దాని పని పూర్తియగును.